బ్లాక్ అండ్ వైట్ హెచ్‌డీఆర్ ఫోటోలో కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ పెంచడం ఎలా?

ఒకే దృశ్యాన్ని తక్కువ, సరిపడా, ఎక్కువ వెలుగుతో తీసిన మూడు ఫోటోలు (ఎక్స్‌పోజర్లు) కలిపి హెచ్‌డీఆర్ చేసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చగానే చాలామంది నీరసపడిపోతారు. ఫోటో అంతా బూడిద పూసినట్టు ఉంటుంది. నీడలోనూ, ఆకాశంలోనూ డీటెయిల్ ఉన్నా చూపు ఎక్కడా నిలవదు. కలిపిన వెలుగుల్ని తెరకు పట్టేలా కుదించే టోన్ మ్యాపింగ్ వెలుగునూ నీడనూ దగ్గరికి లాగేస్తుంది మరి. కలర్‌లో ఆ లోటు రంగుల మధ్య కనబడదు. రంగు తీసేశాక మిగిలేది వెలుగులోని తేడాయే. కాబట్టి హెచ్‌డీఆర్ లాక్కున్న నలుపును మనమే తిరిగి ఇవ్వాలి.

1. తీసేటప్పుడే జాగ్రత్త

ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్, ఐఎస్ఓ 100, రా ఫార్మాట్ (కెమెరా కుదించకుండా ఇచ్చే ఫైల్). అపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/8 పెట్టి -2, 0, +2 బ్రాకెటింగ్ చేయండి, అంటే ఆ మూడు వెలుగుల్లో వరసగా మూడు ఫోటోలు తీయండి. అప్పుడు షట్టర్ స్పీడ్ ఒక్కటే మారుతుంది, ఫోకస్ లోతు మారదు. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫోటో మెత్తబడుతుంది.

2. కలిపేటప్పుడు అత్యాశ వద్దు

షాడోస్ స్లైడర్‌ను చివరిదాకా లాగకండి. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొమ్మల అంచుల్ని 100% జూమ్‌లో చూడండి. చుట్టూ తెల్లటి వెలుగు గీత కనబడితే అదే హాలో. కాంట్రాస్ట్ పెంచేకొద్దీ అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఇక్కడే తగ్గించాలి. ఆకులు ఊగి ఉంటే కదిలినవి రెండుగా పడకుండా చూసే డీఘోస్ట్ ఆన్ చేయండి. ఫైల్‌ను 16 బిట్‌లో ఉంచండి, టోన్ల మెట్లు ఎక్కువగా ఉంటాయి.

3. రంగును తుడిచేయకండి, మలచండి

శాచురేషన్ (రంగు గాఢత) పూర్తిగా తీసేయడం చాలా పెద్ద పొరపాటు. ఎర్ర పువ్వు, దాని వెనక పచ్చటి ఆకు కలర్‌లో ఎంత వేరుగా ఉన్నా, అలా చేస్తే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. బ్లాక్ అండ్ వైట్ మిక్స్‌లో ఎరుపును కాస్త పెంచి ఆకుపచ్చను తగ్గించి చూడండి. పువ్వు చటుక్కున ముందుకొస్తుంది. నీలాన్ని తగ్గిస్తే ఆకాశం ముదురుతుంది. ఫిల్మ్ రోజుల్లో ఎర్ర ఫిల్టర్ చేసిన పని ఇదే. మరీ తగ్గిస్తే ఆకాశమంతా నాయిస్ (గింజలు గింజలుగా కనబడే మచ్చలు) తేలుతుంది.

4. నలుపును వెనక్కి తేవడం

అసలు పని ఇక్కడే ఉంది. 1939-40 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఫోటోగ్రాఫర్లు నలుపు నుంచి తెలుపు దాకా టోన్లను మెట్లుగా విభజించి రూపొందించిన జోన్ సిస్టమ్‌లో అచ్చ నలుపు 0, అచ్చ తెలుపు 10. హెచ్‌డీఆర్ ఫోటోలు ఎక్కువగా నడిమి జోన్లలోనే ఇరుక్కుంటాయి. లైట్‌రూమ్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని బ్లాక్స్ స్లైడర్‌ను ఎడమకు జరపండి. తెల్లటి తెరమీద అక్కడక్కడా నల్ల చుక్కలు మొదలైన చోట ఆగండి. ఆ కాస్త నలుపుతోనే ఫోటోకు బరువొస్తుంది. తర్వాత టోన్లు సర్దే కర్వ్స్‌లో గీతను చిన్న ఎస్ ఆకారంలో వంచండి, నీడలు ముదిరి వెలుగులు తేలుతాయి.

ఇక లోకల్ కాంట్రాస్ట్, అంటే పక్కపక్కనున్న చిన్న భాగాల మధ్య తేడా. ఫోటోషాప్ అన్‌షార్ప్ మాస్క్‌లో అమౌంట్ 15-20%, రేడియస్ 50 పిక్సెల్స్, థ్రెషోల్డ్ 0 పెట్టి చూడండి. ఇది షార్పెనింగ్ టూలే అయినా, ఇంత పెద్ద రేడియస్‌తో అంచుల్ని కాక కాంట్రాస్ట్‌నే పెంచుతుంది. నేను ఒక పాత చెక్క తలుపు మీద ఇలా చేసినప్పుడు, అప్పటిదాకా చదునుగా ఉన్న పలకల మధ్య సందులు లోతుగా కనబడ్డాయి, తుప్పు మేకుల తలలు పైకి లేచాయి. అంచుల షార్ప్‌నెస్ అసలు ముట్టుకోనేలేదు! మనం షార్ప్‌నెస్ లోపం అనుకునేది చాలాసార్లు కాంట్రాస్ట్ లోపమే.

చూపు నిలవాల్సిన చోట డాడ్జ్ (వెలుగు పెంచడం), పక్కకు తప్పుకోవాల్సిన చోట బర్న్ (ముదురు చేయడం) చేయండి. మెత్తటి బ్రష్‌తో, 5-10% బలంతో, కొద్దికొద్దిగా.

5. షార్పెనింగ్ చివర్లోనే

ముందు నాయిస్ తగ్గించండి, లేకపోతే గింజలే పదునెక్కుతాయి. రేడియస్ 0.8-1.0 చాలు. మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీతో జరుపుతుంటే షార్పెన్ అయ్యే చోట్లు తెల్లగా, మిగతావి నల్లగా కనిపిస్తాయి. ఆకాశం పూర్తిగా నల్లబడేదాకా జరపండి.

వెబ్ కోసం సైజు తగ్గిస్తే ఫోటో మళ్లీ కొద్దిగా మెత్తబడుతుంది. అప్పుడు ఆ చిన్న సైజు మీదే ఇంకోసారి, ఈసారి చాలా తేలిగ్గా షార్పెన్ చేసి సేవ్ చేయండి.