పేరు వెనకున్న కథ తెలుసుకోవడం ఎలా?

తవిటయ్య అనే పేరు వింటే ఇప్పటి పిల్లలు నవ్వేస్తారు. అలా నవ్వినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. వెనకటి రోజుల్లో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పక్కింటివాళ్ల చేతిలో పెట్టి, కాస్త తవుడు పోసి మళ్లీ కొనుక్కునేవాళ్లు. తవుడు పాటి చేసే బిడ్డ కదా, చావు కన్ను పడదని ఆశ. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్యలు, తవిటమ్మలు ఆ ఆశలోంచి వచ్చిన పేర్లే. బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ అయ్యారు.

నిఘంటువు తీస్తే తవుడు అంటే తవుడనే ఉంటుంది. అందుకే మొదట ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. "ఈ పేరుకు అర్థమేంటి?" అంటే "ఏమో నాయనా" అంటారు. "ఎవరు పెట్టారు? ఎవరి పేరు? ఏ మొక్కు? ఆ ఏడు ఇంట్లో ఏం జరిగింది?" అని అడగండి, కథ బయటికొస్తుంది. వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

తర్వాత పేరును విడదీయండి. చివరి అయ్య, అమ్మ, రావు లాంటివి తీసేస్తే అసలు మాట మిగులుతుంది. గుంటూరు ప్రాంతంలో హిందువుల ఇళ్లలోనూ మస్తానమ్మ, మస్తాన్‌రావు కనిపిస్తారు. అమ్మ, రావు పక్కన పెడితే మిగిలేది మస్తాన్. గుంటూరులో కాలే మస్తాన్ వలీ దర్గా ఉంది, అక్కడ మొక్కుకుని పెట్టుకున్న పేర్లు ఎన్నో. దానికి మూలం 'మస్త్' అనే పారశీక మాట, మైకంలో ఉన్న అని అర్థం. దైవధ్యానంలో ఒళ్లు మరిచినవాడు మస్తాన్. తెలంగాణలో మనం రోజూ అనే 'మస్తు' కూడా ఆ వేరు నుంచి వచ్చిందే.

ఏ భాషదో తేల్చుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కియారా పేరే చూడండి. ఇటాలియన్‌లో కియారా అంటే వెలుగు, స్వచ్ఛత. ఇంగ్లీషు అక్షరాల్లో దాదాపు అలాగే కనిపించే ఐరిష్ పేరు ఒకటుంది. దాన్ని 'కీరా' అని పలుకుతారు, అర్థం నల్లనిది. పాప పేరు కోసం వెబ్‌సైట్లు చూసేవాళ్లు ఒక్క సైటు చెప్పింది నమ్మి బారసాల చేసెయ్యకండి. తెలుగు మాటకు బ్రౌన్ నిఘంటువు, సంస్కృతానికి మోనియర్ విలియమ్స్ నిఘంటువు చూడండి, రెండూ ఇంటర్నెట్లో ఉచితమే. అక్కడ దొరకకపోతే ఆ అర్థాన్ని అనుమానించాల్సిందే.

వేరే దేశపు పేరైతే ఆ జనం పేర్లు ఎలా పెట్టుకుంటారో ముందు తెలుసుకోవాలి. ఘనాలో అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. కోఫీ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పుట్టిన 1938 ఏప్రిల్ 8 శుక్రవారమే. నైజీరియాలోని యోరుబా ఇళ్లలో పిల్లలు వరుసగా పోతుంటే, తర్వాతి బిడ్డకు మాలోమో అని పెడతారు. 'మళ్లీ వెళ్లిపోకు' అని అర్థం. మన తవిటమ్మకు తవుడు పోసిన తల్లి కూడా బిడ్డను అడిగింది అదే.