క్లాసిక్ కారు: అసలుది కొనాలా, రెప్లికా కట్టించాలా? హైదరాబాద్‌లో ఎలా తేల్చుకోవాలి

పాత కార్ల మోజు మొదలైనవాళ్లు ముందుగా అడిగేది "ఎంతవుతుంది?" అనే. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, "ఆర్సీలో ఏముంటుంది?" అని. కారు అసలుదైనా, దాన్ని చూసి కొత్తగా కట్టించిన రెప్లికా అయినా, ఆర్టీఏ కౌంటర్ దగ్గర చెల్లేది కాగితమే. విదేశీ వీడియోలు చూసి "మనమూ షెడ్డులో ఒక కోబ్రా స్పోర్ట్స్ కారు కట్టేద్దాం" అనుకునేవాళ్ల ఉత్సాహం చాలాసార్లు ఆ కౌంటర్ దగ్గరే చల్లారుతుంది. అదీ లక్షలు ఖర్చయ్యాక. అందుకే ఈ వరుసలో వెళ్లండి.

మొదటి అడుగు: కారుతో ఏం చేస్తారో తేల్చుకోండి

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లి, ఇరానీ చాయ్ తాగి రావాలని కొందరికి ఉంటుంది. కొందరికి ప్రదర్శనల్లో నిలబెట్టాలని ఉంటుంది. పెళ్లి బరాత్‌లకు అద్దెకు ఇవ్వాలనుకుంటే అది వ్యాపారం. నాన్నగారి ఫియట్ లాంటిదే మళ్లీ ఇంటి ముందు ఉండాలనుకుంటే అది పూర్తిగా వేరే సంగతి, అక్కడ లెక్కలు పనిచేయవు. వీటిలో మీది ఏదో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. "అన్నీ" అని రాస్తే మళ్లీ మొదటికి రండి.

తేలకపోతే ఒక రోజు పాతబస్తీకి వెళ్లండి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల కార్లు ఉన్నాయి, వాటిలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో ఆర్డర్ చేసిన బండి అది. అక్కడి నుంచి బహదూర్‌పురాలో జూపార్కు దగ్గరున్న సుధా కార్ల మ్యూజియానికి వెళ్లండి. క్రికెట్ బ్యాట్, హెల్మెట్ లాంటి ఆకారాల్లో సుధాకర్ చేతితో కట్టిన బండ్లు అక్కడున్నాయి. అవి క్లాసిక్ కార్ల నకళ్లు కావు. కానీ రేకు వంచి, ఫ్రేము వెల్డింగ్ చేసి ఒక ఆకారం తీసుకురావడానికి ఎంత పని పడుతుందో దగ్గరగా చూడొచ్చు. ఈ రెండు చోట్లలో మీరు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయారో గమనించండి. చరిత్ర ముందు ఆగితే అసలు కారు మీది, పనితనం ముందు ఆగితే కట్టించే కోరిక మీది.

రెండో అడుగు: రెప్లికాకు చట్టంలో చోటుందేమో చూడండి

ముక్కుసూటిగా చెప్పాలంటే, సొంతంగా కట్టించుకున్న రెప్లికాకు మన రోడ్డు మీద దాదాపు చోటు లేదు.

బయటి దేశాల సంగతి వేరు. షెల్బీ కోబ్రాలు 1960లలో సుమారు వెయ్యి మాత్రమే తయారయ్యాయి. ఈరోజు కనిపించే కోబ్రాల్లో అత్యధికం రెప్లికాలే. పోర్షే 356 స్పీడ్‌స్టర్ ఆకారంలో ఫైబర్ బాడీ చేసి, దాన్ని ఫోక్స్‌వాగన్ బీటిల్ అడుగుభాగం మీద బిగించే పద్ధతికి దశాబ్దాల చరిత్ర ఉంది. అమెరికాలో 2015లో వచ్చిన చట్టం చిన్న కంపెనీలు ఏడాదికి 325 దాకా రెప్లికా కార్లు అమ్ముకునే వీలు కల్పించింది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క కారును కూడా పరీక్షకు పెట్టి రిజిస్టర్ చేయించుకోవచ్చు.

మన దగ్గర కొత్త మోడల్ ఏదైనా రోడ్డెక్కాలంటే పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షలు నెగ్గి అనుమతి పొందాలి. అది కంపెనీలు చేసే పని, షెడ్డులో ఒక్క బండి కట్టేవాడికి అందేది కాదు. సరే, పాత జీపు చాసిస్ (అడుగున ఉండే ఫ్రేము) మీద కొత్త బాడీ వేస్తే? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వేసే వీలొచ్చింది.

"మనకు తెలిసిన ఏజెంట్ ఉన్నాడు, జీపు ఆర్సీ మీదే నడిపించేస్తాడు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పోలీసు ఆపితే ఏదో సర్దుకోవచ్చేమో. ఎవరికైనా గుద్దితే? ఆర్సీలో ఉన్న బండి, రోడ్డు మీదున్న బండి ఒకటి కానప్పుడు క్లెయిమ్ దగ్గర బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ తేడానే. ఆ టెన్షన్ పెట్టుకుని ఆదివారం షికారేంటి?

మరి రెప్లికా ఎవరికి పనికొస్తుంది? ఫంక్షన్ హాల్ ముందు, రిసార్టులో, ఫామ్‌హౌస్‌లో, షూటింగులో చూపించడానికి కావాలంటే నిక్షేపంగా కట్టించుకోండి. అలాంటి చోట నిలబెట్టడానికి ఖరీదైన అసలు కారు కొనడమే దండగ. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్లండి. కట్టేవాడితో మాట్లాడేటప్పుడు బాడీ ఫైబరా, రేకా అన్నది రాయించుకోండి. బ్రేకులు, స్టీరింగు ఏ బండివో కూడా రాయించుకోండి. ఇక్కడ బేరం ఎక్కువగా పెయింటు గురించి, సీట్ల గురించి నడుస్తుంది, బ్రేకుల ఊసే రాదు. అసలు కంపెనీ పేరున్న చాసిస్ ప్లేటు మాత్రం చేయించొద్దు. అది సరదా కాదు, ఫోర్జరీ.

మూడో అడుగు: అందుబాటులో ఉన్న అసలు కారును ఎంచుకోండి

క్లాసిక్ అనగానే బెంజులు, జాగ్వార్లు గుర్తొస్తాయి. విదేశం నుంచి తెప్పించుకోవాలంటే పన్నులే కారు ధరను దాటిపోవచ్చు కాబట్టి ఆ దారిని ఇక్కడే వదిలేద్దాం. మన దేశంలో తయారైనవి చాలా ఉన్నాయి.

మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు ప్రీమియర్ పద్మినికి. 1974లో ఆ పేరు పెట్టక ముందు అదే బండి ఫియట్ 1100 డిలైట్‌గా, తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా వచ్చింది. 1,089 సీసీ ఇంజన్, స్టీరింగు పక్కనే గేరు. అంబాసిడర్ కుటుంబానికి బాగుంటుంది, 2014 దాకా తయారైంది కాబట్టి సామాను దొరుకుతుంది. కానీ అన్ని అంబాసిడర్లూ క్లాసిక్ కావు. గుండ్రటి ముక్కు, చిన్న గళ్ల గ్రిల్ ఉన్న మార్క్ 2కు, 1990లలో టాక్సీగా అరిగిపోయిన బండికి పోలికే లేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అన్నిటికంటే అందగత్తె, బోనెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. విడిభాగాల కోసం ఊళ్లు తిరిగే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఏ బండి అనుకున్నా, కొనకముందే దాన్ని బాగుచేసే ఉస్తాద్‌ను వెతికి పెట్టుకోండి. రాణిగంజ్, పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో ఒక పూట తిరిగి, మీ మోడల్‌కు కార్బురేటర్ కిట్, క్లచ్ ప్లేటు, బ్రేక్ సిలిండర్ దొరుకుతాయేమో అడగండి. "ఆర్డర్ పెడితే వస్తుంది సార్" అన్న జవాబు మూడు షాపుల్లో వినిపిస్తే మోడల్ మార్చుకోవడమే మంచిది.

నాలుగో అడుగు: బండిని పగటిపూట, చల్లగా ఉన్నప్పుడు చూడండి

వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే మీరొచ్చేలోపే ఓనరు ఇంజన్ తిప్పి పెట్టాడన్నమాట. చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ తగలబడుతోంది, ఇంజన్ విప్పాల్సిన రోజు దూరంలో లేదు. అయినా ఇంజన్ గురించి నేనంత భయపడను, దాన్ని బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. భయపడాల్సింది తుప్పుకి.

జేబులో పలచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పెట్టుకోండి. తలుపుల కింద అంచు పొడవునా, చక్రాల పైన వంపుల దగ్గర, డిక్కీలో స్టెప్నీ కింద దాన్ని మెల్లగా జరుపుతూ వెళ్లండి. పట్టుకుంటూ వచ్చింది ఒక్కసారిగా జారిపోయిందా, అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది, రేకు గణగణమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. నేల మీది మ్యాట్లు మొత్తం ఎత్తించండి. పద్మినికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బండిని మోస్తుంది. తలుపుల కింది అంచు తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, వెన్నెముకకు వచ్చిన జబ్బు. కొత్త పెయింటుతో తళతళలాడే బండి కంటే రంగు వెలిసిన బండి నయం, కనీసం ఏం కొంటున్నామో కనిపిస్తుంది.

తర్వాత చాసిస్ నంబరు, అంటే బండి మీద కొట్టిన గుర్తింపు సంఖ్య. దాని మీద పలచటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి, ఆర్టీఏ పనులకు తీసేది కూడా ఇలాగే. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉండాలి. చుట్టూ గ్రైండర్ గీతలున్నా, ఒక అంకె పక్కదానికంటే కొత్తగా కనిపించినా అక్కడితో ఆపేయండి. ఆ ప్రింటును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి, ఇంజన్ నంబరునూ అలాగే. "ఇంజన్ ఒక్కటే మార్చాం సార్, మిగతాదంతా ఒరిజినల్" అంటే ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా అని అడగండి. ఈ మాట ఎందుకు ముఖ్యమో ఆరో అడుగులో వస్తుంది.

పెట్రోలు సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది, నీటిని పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పు తెస్తుంది. వాటిని ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చే ఖర్చు బేరంలోనే కలపండి.

ఐదో అడుగు: కాగితాలు

పాత బండ్లకు పుస్తకం ఆర్సీలుంటాయి. ఆ వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం) చేయించమని ఓనరుకే చెప్పండి, ఆ పని మీ నెత్తిన వేసుకోకండి. ఆర్సీలో ఉన్న ఆయన చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చే ఫారం 31 పని ముందు పూర్తవ్వాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి ట్యాక్సు కూడా లెక్కేసుకోండి. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది.

ఆరో అడుగు: వింటేజ్ రిజిస్ట్రేషనా, మామూలుదేనా?

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. ఇంజన్ మార్చిన బండికి అక్కడే చిక్కు, రెప్లికాకైతే ఈ తలుపు అసలే తెరుచుకోదు. కొత్తగా నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకుంటే 5,000. కొత్త నంబర్లలో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరును నిలుపుకోవచ్చు. పాత నంబరు ప్లేటే సగం అందం అనుకునేవాళ్లకు ఇది మంచి కబురు.

కానీ షరతు చదవండి. వింటేజ్ బండిని రోజూ నడపకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, ఇలాంటి పనులకే రోడ్డెక్కాలి. వ్యాపారానికి వాడకూడదు కాబట్టి బరాత్ అద్దెలు కుదరవు. ఆదివారం చాయ్ కోసం కొంటున్నవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటూ ఉండటం మేలు. ప్రదర్శనల కోసమే అయితే వింటేజ్‌కు వెళ్లండి.

చివరి అడుగు: బేరం

కారు ధర ఎంతో, బాగుచేయడానికి అంతే డబ్బు పక్కన ఉంటేనే దిగండి. టింకరింగ్, పెయింటింగ్ షెడ్డులో చెప్పిన తేదీకి బండి బయటికి రాదు, పండగ ముందైతే అసలే రాదు. పాత మోడల్ కాబట్టి బీమాలో కారు విలువను మీరు, కంపెనీ మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి, ఫొటోలు, బిల్లులు దాచిపెట్టుకోండి. అడ్వాన్సు మాత్రం ఇచ్చి, బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగా పెట్టించుకోండి. మిగతా డబ్బు ఆర్సీ మీ పేరుకు మారాకే ఇస్తానని రాతపూర్వకంగా చెప్పండి. దానికి ఓనరు ఒప్పుకోకపోతే, బండి ఎంత బాగున్నా, క్యాబ్ బుక్ చేసుకుని ఇంటికి వచ్చేయండి.