రాకెట్ ముక్క చేన్లో పడితే మొదటి గంటలో ఏం చేయాలి

2022 ఏప్రిల్ 2 ఉగాది, మన మరాఠీ పక్కింటివాళ్లకు గుఢీ పాడ్వా. ఆ రాత్రి భోజనాల వేళకు విదర్భ అంతటా ఆకాశంలో ఎర్రటి గీతలు వరసగా సాగిపోయాయి, ఫోన్ ఉన్న ప్రతివాడూ వీడియో తీశాడు. కాసేపటికి మన చంద్రపూర్ జిల్లా సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీలో సుమారు మూడు మీటర్ల వ్యాసం ఉన్న లోహపు రింగు పడింది, చుట్టుపక్కల ఊళ్లలో గుండ్రటి గోళాలు దొరికాయి. 2021లో ఎగిరిన చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ పైదశ అయ్యుంటుందని ఇలాంటివి గమనించే నిపుణులు చెప్పారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. కానీ జనం దాని చుట్టూ మూగిన తీరు చూస్తే, రాజురా, బల్లార్షా, గఢ్‌చాందూర్ వైపు మన తెలుగు ఇళ్లల్లో కూడా ఈ సంగతులు తెలిసుండటం మంచిదనిపించింది.

ముందు పైన కనిపించేది ఏంటో తేల్చుకోండి. ఉల్క అయితే కళ్లు తిప్పేలోపు అయిపోతుంది, ఒకటి రెండు సెకన్లు, అంతే. కక్ష్యలోంచి రాలే రాకెట్ ముక్క అలా కాదు, దాదాపు అడ్డంగా, తీరిగ్గా, ఒక్కోసారి నిమిషం పైనే సాగుతుంది, ఒక వెలుగు కాస్తా నాలుగైదుగా విడిపోయి అన్నీ ఒకే దిక్కుకు పోతుంటాయి. వెలుగు ఆరిపోయిందంటే అయిపోయినట్టు కాదు. వేగం తగ్గి మెరుపు పోయాక కూడా ముక్కలు చీకట్లో ఇంకా కొన్ని నిమిషాలు పడుతూనే ఉంటాయి. అందుకే వీడియో చాలించి ఓ పావుగంట స్లాబు కింద ఉండండి. భయపడక్కర్లేదు. ఇలాంటి ముక్క తగిలిందని నమోదైన మనిషి అమెరికాలో టల్సా ఊరి ఆవిడ, 1997లో, భుజానికి తగిలింది, గాయం కూడా కాలేదు. ఇక శబ్దం సంగతి. ముక్కలు గాలిని చీల్చుకుంటూ దూసుకొస్తే ఢాం అని వినిపించొచ్చు, ఓపెన్ కాస్ట్ గనుల బ్లాస్టింగ్‌కి అలవాటుపడిన మన చెవులకు ఆ శబ్దం వింతగా అనిపించదు. కానీ రాత్రి పూట, బ్లాస్టింగ్ లేని టైంలో వస్తే ఒకసారి టైం చూసి రాసిపెట్టుకోండి.

తెల్లారి చేన్లోకి వెళ్తే పత్తి మొక్కల మధ్య ఏదో కనిపించిందనుకుందాం. సాధారణంగా మిగిలేవి రింగులు, గోళాలు, నాజిల్ (ఇంజన్ మంట బయటికొచ్చే గొట్టం) ముక్కలు, నల్లగా మాడిన పీచులాంటి పలకలు. ఇవే ఎందుకు మిగులుతాయంటే, రాకెట్ ఒంట్లో ఎక్కువభాగం అల్యూమినియం, అది 660 డిగ్రీలకే కరుగుతుంది. గోళాల్లో వాడే టైటానియం మాత్రం దాదాపు 1,670 దాకా తట్టుకుంటుంది. పైగా బోలు గోళం సైజుకు తేలిక, పల్చటి గాలిలోనే వేగం కోల్పోతుంది, అందుకే కాలిపోకుండా కిందికి చేరుతుంది.

చేయి పెట్టొద్దు. కాలితో తన్ని చూడొద్దు, కర్రతో పొడవొద్దు. ఆ గోళం అసలు పనే అధిక పీడనంలో హీలియంలాంటి వాయువును దాచడం. లోపల కొంచెం మిగిలి, గోడ వేడికి బలహీనపడి ఉంటే ఎప్పుడైనా పగలొచ్చు. ఇది ఊరికే బెదిరింపు కాదు. 2016 సెప్టెంబర్ 1న అమెరికాలో ఫాల్కన్ 9 రాకెట్ లాంచ్‌ప్యాడ్ మీదే పేలిపోయింది, కారణం ఇలాంటిదే, కార్బన్ ఫైబర్ చుట్టిన హీలియం ట్యాంకు. ఆ రాకెట్ మీదే మనుషుల్ని పంపాల్సి ఉండింది కాబట్టి ఆ ట్యాంకుల్ని మార్చి, మళ్లీ మళ్లీ పరీక్షించాకే నాసా ఒప్పుకుంది. ఆ ఫైబర్ పీచు విరిగితే సన్నటి ముళ్లలా చర్మంలో దిగుతుంది, ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకో తలనొప్పి.

అసలు టెన్షన్ మాత్రం ఇంధనంతో. హైడ్రజిన్ అని ఒకటి ఉంటుంది, చేపల వాసనో అమ్మోనియా వాసనో వస్తుంది, మన ముక్కుకు ఆ వాసన తెలిసేసరికే గాలిలో మోతాదు సురక్షిత హద్దు దాటేసి ఉంటుంది. దానికి జోడీ నైట్రోజన్ టెట్రాక్సైడ్, ఎర్రటి గోధుమరంగు పొగ. ఇది పీల్చిన వెంటనే మనిషి బాగానే ఉన్నట్టుంటాడు, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 1975 జులైలో అపోలో సోయుజ్ యాత్ర ముగించుకుని దిగుతున్న ముగ్గురు అమెరికన్ వ్యోమగాముల క్యాబిన్‌లోకి ఈ వాయువే చొరబడింది. ఒకాయన స్పృహ తప్పాడు, ముగ్గుర్నీ హోనలూలూలో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. నిప్పురవ్వ అవసరం లేకుండా ఒకదాన్నొకటి తాకగానే మండుతాయి కాబట్టే ఈ జోడీని ఇంజనీర్లు నమ్ముకుంటారు, గగన్‌యాన్‌కు వాడే ఎల్‌వీఎం3 రాకెట్ రెండో దశలో ఉండేది కూడా ఈ కుటుంబమే. పైనుంచి రాలిన ముక్కలో చాలావరకు ఆవిరైపోయి ఉంటుంది, నిజమే, కానీ ఎంత మిగిలిందో చూసి చెప్పలేం కదా.

అందుకని నా లెక్క ఇది. కనీసం వంద మీటర్ల దూరం, అదీ గాలి మీ వీపు వైపు నుంచి ముక్క వైపు వీచేలా నిలబడండి. ఎడ్లు, మేకలు, పిల్లలు అటు పోకుండా చూడండి. పక్కన బావో కుంటో ఉంటే అధికారులు చెప్పేదాకా ఆ నీళ్లు ముట్టొద్దు. దూరం నుంచే జూమ్ చేసి ఫొటో తీసి, లొకేషన్ సేవ్ చేసి 112కి ఫోన్ చేయండి, ఊళ్లో పోలీస్ పాటిల్‌కి చెప్పండి. సర్పంచ్, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) తర్వాతైనా వస్తారు. ఈలోపే ఎవరైనా ముట్టుకుంటే, బట్టలు విప్పించి కనీసం పదిహేను నిమిషాలు ధారాళంగా నీళ్లతో కడగండి, బాగానే ఉన్నా దవాఖానకు తీసుకెళ్లండి. డాక్టర్‌తో "రాకెట్ ఇంధనం అయ్యుండొచ్చు" అని నోరు తెరిచి చెప్పండి, లేకపోతే ఆయన పురుగుమందు అనుకుంటాడు.

ముక్కను కదపొద్దనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, మనవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు. అది ఎక్కడ పడిందన్నదే సాక్ష్యం. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురితో కొలంబియా నౌక టెక్సాస్ మీద ముక్కలైంది. ప్రయోగంలో ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు కొట్టిందని అనుమానం, కానీ రుజువు కావాలి. వేలమంది అడవులు, పొలాలు గాలించి 80,000 పైచిలుకు ముక్కలు ఏరారు, నౌక బరువులో అది 38 శాతమే. ఏ ముక్క ఎక్కడ దొరికిందో రాసుకోబట్టే ఏది ముందు ఊడిందో తేలింది. అన్నిటికంటే పడమరన దొరికిన టైల్ ఎడమ రెక్కది. హెంఫిల్ ఊరి దగ్గర దొరికిన రికార్డర్‌లో సెన్సార్ల లెక్కలు కూడా అదే చెప్పాయి. ఎవరో ఆ డబ్బాను ఇంటికి పట్టుకుపోయి ఉంటే?

ఇంజనీర్ల లెక్క తప్పిందని పొలంలో పడ్డ ముక్కే చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. మనుషుల్ని తెచ్చే డ్రాగన్ నౌక వెనక ట్రంక్ అనే భాగం గాలిలో పూర్తిగా కాలిపోతుందని అనుకున్నారు. 2022లో ఆస్ట్రేలియాలో గొర్రెల రైతు పొలంలో దాని ముక్క, మూడు మీటర్ల పొడవుది, నిటారుగా గుచ్చుకుని కనిపించింది. 2024లో నార్త్ కరోలినాలో మళ్లీ అదే కథ. దాంతో 2025 నుంచి నౌకల్ని పసిఫిక్ వైపు దింపుతూ, ట్రంక్ సముద్రంలో పడేలా పద్ధతే మార్చేశారు.

వాట్సాప్‌లో "మన శ్రీహరికోట రాకెట్ కూలింది" అని వస్తే ఫార్వర్డ్ చేయొద్దు. అక్కడి ప్రయోగాలు సముద్రం మీదుగానే పోతాయి, దక్షిణానికి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ అయితే శ్రీలంకను తప్పించుకోవడానికి దారే మళ్లుతుంది.

చివరిగా డబ్బు సంగతి. పాత ఇనుము కొనే భంగార్ వాడు కిలోల లెక్కన రేటు కడతాడు, ఇవ్వొద్దు. 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అది ఎక్కడ పడినా ప్రయోగించిన దేశం వాళ్లదే. దాని వల్ల మీకు నష్టం జరిగితే 1972 ఒప్పందం ప్రకారం ఆ దేశానిదే పూర్తి బాధ్యత, తప్పు ఎవరిదని నిరూపించక్కర్లేదు. 1978లో అణు రియాక్టర్ ఉన్న కాస్మోస్ 954 ఉపగ్రహం తమ నేల మీద కూలినందుకు కెనడా, సోవియట్ దేశం నుంచి 30 లక్షల కెనడియన్ డాలర్లు రాబట్టింది. కాకపోతే ఆ ఒప్పందం కింద మీరు నేరుగా అడగలేరు, మన ప్రభుత్వమే అడగాలి. కాబట్టి పంట పోయినా, ఇంటి కప్పు విరిగినా తలాఠీతో పంచనామా రాయించి, సాక్షుల సంతకాలు పెట్టించి, దాని కాపీ ఆ రోజే చేతికి తీసుకోండి.