తాతగారి తుపాకీకి, పాత ఎయిర్ గన్‌కి ధర కట్టడం ఎలా?

కోనసీమలో పాత మండువా ఇల్లు విప్పుతుంటే అటక మీంచి ఓ పిట్టల తుపాకీ (ఎయిర్ గన్) బయటపడటం మామూలే. లైసెన్సున్న ఇళ్లలో అయితే జోడు గొట్టాల పన్నెండు బోరు వేట తుపాకీ. వెంటనే అడిగేది "ఎంతొస్తుందండీ?" అని. అది తేల్చేలోగా ఎమరీ కాగితం, కొబ్బరినూనె మాత్రం దగ్గరికి రానివ్వకండి.

మా మేనమామ గారికి జర్మన్ కంపెనీ డయానా చేసిన ఎయిర్ గన్ ఉండేది. అమ్మేముందు తళతళలాడాలని ఎమరీ పెట్టించి, "చూడరా, కొత్తదానిలా లేదూ!" అని నా చేతికిచ్చారు. గొట్టం అద్దంలా మెరుస్తోంది. తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉండాల్సిన చోట మాత్రం ఒక్క 6 అంకె వేలికి లీలగా తగిలింది. కొనడానికొచ్చినాయన అక్కడ రెండుసార్లు తడిమి చూసి, ముందు అనుకున్నదాంట్లో సగం చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

1. ముందు కాగితాలు

కాగితం లేని తుపాకీకి ధర లేదు, కేసు ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. (.177) బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. గొట్టం మీద .22 అనో 5.5 అనో ఉంటే కావాలి. పాత డయానాల్లో, ఇంగ్లండువాళ్ల బీఎస్ఏల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. మందు తుపాకీ (తూటా పేల్చేది) అయితే, లైసెన్సుదారు పోయాక వారసులు దాన్ని ఇంట్లో ఉంచుకోకుండా పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. అమ్మకం లైసెన్సున్న మనిషికే. అదీ రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు గడిచాక.

2019 సవరణతో ఒక మనిషి దగ్గర మూడు కాకుండా రెండే తుపాకులు ఉండాలన్నారు. దాంతో కొనేవాళ్లు తగ్గి, వదిలించుకునేవాళ్లు పెరిగారు. ధర అనుకున్నంత పలకకపోతే అదీ ఓ కారణం.

2. ఖాళీగా ఉందో లేదో చూడండి

జోడు గొట్టాలది మధ్యలో వంచి తెరిచి, తూటాలు పెట్టే రెండు గదుల్లోకీ చూడండి. ఎయిర్ గన్ గొట్టం వంచినప్పుడు ఒక చెయ్యి గట్టిగా గొట్టం మీదే ఉండాలి, ట్రిగ్గరు జోలికి పోకూడదు. స్ప్రింగు వదిలితే వేళ్లు నలిగిపోతాయి.

3. ముద్రలు చదవండి

భూతద్దం, టార్చిలైటు చాలు. డయానా ముద్రలో దేవత విల్లు విసిరేసి ఎయిర్ గన్ పైకెత్తి నిలబడి ఉంటుంది. అదే పేరుతో రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్కాట్లండులో మిల్బ్రో వాళ్లు చేసినవీ ఉన్నాయి. జర్మన్‌వీ అవీ ఒకటి కావు. పన్నెండు బోరుకి గొట్టాల అడుగున చూడండి. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1904 నుంచి కిరీటం కింద బీపీ, ఎన్‌పీ అక్షరాలు కొట్టేది. ఎన్‌పీ అంటే పొగరాని మందుకి పరీక్ష నెగ్గిందని. పాతకాలపు నల్ల తుపాకిమందు ముద్ర ఒక్కటే ఉండి, గొట్టం మీద జడ అల్లినట్టు మెలికలు కనిపిస్తే అందులో ఈనాటి తూటా పేల్చకూడదు. దానికి సేకరించేవాళ్ల ధరే తప్ప వాడుక ధర లేదు.

4. ఒళ్లంతా తడిమి చూడండి

మన గాలిలో ఉప్పుంది, నేలలో చెమ్మ ఉంది. అందుకే ఎక్కువసేపు చూడాల్సింది ఇక్కడే. బట్ (భుజానికి ఆనించే చెక్క) చివర ప్లేటు మరలు విప్పండి. 1986 వరదలో మునిగినదైతే లోపల ఎండిపోయిన ఒండ్రు కనిపించవచ్చు. తోలు కవరులో ఏళ్ల తరబడి ఉంచినదైతే కవరు ఒరిసిన చోటల్లా తుప్పు. దసరా పూజకి తడి పసుపు, కుంకుమ పెట్టిన చోట గుండ్రటి తుప్పు చుక్కలుంటాయి. కొబ్బరినూనె రాసినచోట దుమ్ముతో కలిసి జిగురు కట్టి ఉంటుంది, దాని కింద ఏముందో గోటితో మెల్లగా చూడాలి. నల్లపూత పది పాళ్లలో ఎన్ని పాళ్లు మిగిలిందో రాసుకోండి. మరల తలల మీది గాడులు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారనే. చెక్క సన్నబడే చోట నెరియ ఉందేమో వేలితో నొక్కి చూడండి.

జోడు గొట్టాల్ని విడదీసి, అడుగునున్న కొక్కెం పట్టుకుని వేలాడదీసి, వేలితో తట్టండి. గంటలా మోగితే అతుకులు బాగున్నట్టు. బొంగురుగా పలికితే ఎక్కడో విడిపోయింది. తెల్ల కాగితం వైపు పట్టి గొట్టం లోపలికి చూసినప్పుడు గుంటలు కనిపిస్తే ధర బాగా తగ్గించండి.

5. ఎయిర్ గన్ ఊపిరి

గొట్టం వంచి మూసే చోట పల్చటి టిష్యూ ముక్క పెట్టి, పెల్లెట్‌తో (సీసపు గుండుతో) ఒకసారి అట్టముక్క మీదికి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి కారుతోంది. సీలు మార్పించే ఖర్చు తీసేయండి. పెల్లెట్ లేకుండా పేల్చి చూడటం మంచిది కాదు, పిస్టను దెబ్బతింటుంది.

6. అప్పుడు అంకె

రెండు అంకెలు రాయండి: వాడుక ధర, సేకరణ ధర. మొదటిదానికి అదే స్థాయి కొత్త భారతీయ తుపాకీ ధర పట్టుకుని మరమ్మతు ఖర్చు తీసేయండి. రెండోది ముద్రల్ని, మిగిలిన పూతని బట్టి. ఇద్దరు డీలర్లని విడివిడిగా అడగండి. వాళ్లు చెప్పేదాంట్లో వాళ్ల లాభం పోనిచ్చి చూసుకోవాలి. ఎవరో అడుగుతున్న రేటు కాదు, అమ్ముడుపోయిన రేటు అడగండి. విదేశాల ధరలతో పోల్చుకోవద్దు, వందేళ్లు దాటిన పురావస్తువుని బయటికి పంపడం 1972 చట్టం ఒప్పుకోదు.

కొన్న రసీదు, పాత లైసెన్సు పుస్తకం, సగం వాడిన పెల్లెట్ల డబ్బా దొరికితే పారేయకండి. తుపాకీతో పాటే బల్ల మీద పెట్టండి.