స్కాన్ చేసిన చెరువు గట్టుకు క్రాస్ సెక్షన్లు తీయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో వానలకు ముందు చెరువు గట్టుకు మట్టి వేయించాలంటే, ముందుగా ఎంత మట్టి పడుతుందో తేలాలి. గట్టు పై వెడల్పు 3 మీటర్లు, పొడవు 400 మీటర్లు అనుకోండి. ఎత్తు కొలతలో 5 సెంటీమీటర్లు తప్పితే చాలు, లెక్కలో 60 ఘనపు మీటర్ల మట్టి తేడా వస్తుంది. ట్రాక్టరుకు 3 ఘనపు మీటర్లు పడుతుందనుకున్నా ఇరవై ట్రిప్పులు. ఆ డబ్బు ఊరిది. అందుకే గట్టును అడ్డంగా కోసి చూసే ఈ పనిని నేను చాలా జాగ్రత్తగా చేస్తాను. మీరూ అలాగే చేయాలని ఇది రాస్తున్నాను.

లేజర్ స్కానర్ గానీ డ్రోన్ గానీ ఇచ్చేది పాయింట్ క్లౌడ్, అంటే కోట్ల చుక్కలు. ప్రతి చుక్కకూ తూర్పు, ఉత్తరం, ఎత్తు అని మూడు అంకెలు ఉంటాయి. వాటి నుంచి సెక్షన్లు తీయడానికి క్లౌడ్‌కంపేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఈ మెట్లన్నీ దానివే. వేరే సాఫ్ట్‌వేర్‌లో బటన్ల పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

స్కాన్ ఎప్పుడు చేయాలి?

వీలైతే మే నెలలో. అప్పుడు గట్టు మీద గడ్డి ఎండి ఉంటుంది, చెరువులో నీళ్లు అడుగంటి ఉంటాయి. దట్టమైన గడ్డిలోంచి లేజర్ నేల దాకా దిగదు. మామూలు స్కానర్ లేజర్ నీళ్ల అడుగును కూడా పట్టుకోలేదు. స్కాన్‌లో లేని నేలను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ఫైలు తెరిచేటప్పుడు

ఎల్ఏఎస్ లేదా ఈ57 (పాయింట్ క్లౌడ్‌ను దాచే ఫైలు రకాలు) ఫైలును తెరవగానే, కోఆర్డినేట్లు పెద్దవిగా ఉన్నాయి, తగ్గించమంటారా అని గ్లోబల్ షిఫ్ట్ గురించి అడుగుతుంది. ఒప్పుకోండి. భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి యూటీఎం. మా ప్రాంతంలో యూటీఎం ఉత్తరపు అంకె 20 లక్షల 70 వేల పైచిలుకు మీటర్లు. అంత పెద్ద సంఖ్యను 32 బిట్లలో దాచితే చుక్కలు 12.5 సెంటీమీటర్ల మెట్లలో సర్దుకుంటాయి. నున్నటి గట్టు గళ్ల గళ్లుగా కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించండి.

మా వైపు ఇంకో చిక్కు ఉంది. యూటీఎం 44, 45 జోన్ల సరిహద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. గుణుపురం దానికి పడమర, పర్లాకిమిడి తూర్పు. వంశధార నది వైపు ఒక చెరువు, మహేంద్రతనయ నది వైపు ఇంకో చెరువు ఒకే పనిలో ఉంటే, మొదటి రోజే ఏదో ఒక జోన్ ఖాయం చేసుకుని అన్నిటికీ అదే వాడండి.

చెత్త తీసేయడం

మనుషులు, గేదెలు, కరెంటు స్తంభాలను సెగ్మెంట్ కత్తెరతో కత్తిరించండి. పొదలు, చెట్ల కోసం సీఎస్ఎఫ్ ప్లగిన్ ఉంది. అది భూమిని తలకిందులు చేసి పైనుంచి దుప్పటి పరిచినట్టు లెక్క కడుతుంది. దుప్పటికి ఆనుకున్నది నేల, ఆనుకోనిది చెట్టూ చేమా. గట్టు నిటారుగా ఉంటుంది కాబట్టి స్టీప్ స్లోప్ ఎంచుకోండి. ఫ్లాట్ అని పెడితే గట్టు అంచును కూడా పొద అనుకుని తీసేసే ప్రమాదం ఉంది.

మధ్యగీత, కోతలు

టాప్ వ్యూ పెట్టి, పర్‌స్పెక్టివ్ ఆపేసి, గట్టు నడినెత్తిన పాలీలైన్ (క్లిక్ చేసిన చోట్లను కలిపే గీత) గీయండి. గట్టు వంపు తిరిగిన చోట దగ్గర దగ్గరగా క్లిక్ చేయాలి. ఎప్పుడూ మదుము దగ్గర మొదలుపెట్టి అలుగు వైపు గీయడం నా అలవాటు. దిశ మారితే నీటి వైపు, పొలం వైపు తారుమారవుతాయి. మనం గట్టు అనేదాన్ని ఒడియా ఇంజనీరు బొంధొ అంటాడు, అందులో ఇబ్బందేమీ లేదు. కానీ ఏది నీటి వైపో కాగితం మీద రాసి లేకపోతే ఏ భాషలోనూ అర్థం కాదు.

తర్వాత టూల్స్ మెనూలో సెగ్మెంటేషన్, అందులో ఎక్స్‌ట్రాక్ట్ సెక్షన్స్. మధ్యగీతను అందులోకి తెచ్చి, దానికి లంబంగా సెక్షన్లు పుట్టించమనాలి. దూరం 20 మీటర్లు, వెడల్పు గట్టు రెండు పాదాలూ దాటేంత. ఈ లంబం దగ్గర రాజీ పడకండి. 30 డిగ్రీలు ఏటవాలుగా కోస్తే 3 మీటర్ల గట్టు 3.46 మీటర్లుగా కనిపిస్తుంది, వాలు ఉన్నదానికన్నా మెత్తగా కనిపిస్తుంది. చూసినవాళ్లు గట్టు బలంగా ఉందనుకుంటారు.

కోత మందం

అసలు పని ఇక్కడే ఉంది. సెక్షన్ అంటే గీత అనుకుంటాం గానీ సాఫ్ట్‌వేర్ కోసేది ఒక ముక్కను. ఆ ముక్క మందంలో ఉన్న చుక్కలన్నీ ఒకే గీత మీదికి వచ్చి పడతాయి. మరీ పలచగా కోస్తే చుక్కలు చాలక గీత తెగుతుంది. మరీ మందంగా కోస్తే పక్కనున్న గుంటా మిట్టా అన్నీ కలిసిపోయి గీత లావెక్కుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య దూరానికి మూడు నుంచి ఐదు రెట్లతో మొదలుపెట్టండి. 2 సెంటీమీటర్ల ఎడం ఉంటే 6 నుంచి 10 సెంటీమీటర్ల మందం.

గీత రకంలో లోయర్ ఎంచుకుంటే అడుగు చుక్కలను పట్టుకుంటుంది, మిగిలిన గడ్డి పైన ఉండిపోతుంది. మ్యాక్స్ ఎడ్జ్ లెంగ్త్ అనే అంకెను, అంటే రెండు చుక్కలను కలిపే గీత ఎంత పొడవు దాకా ఉండొచ్చో చెప్పేదాన్ని, చిన్నదిగా ఉంచండి. ఒకసారి నేను దాన్ని ఎక్కువ పెట్టాను. నీళ్ల గుంట ఈ ఒడ్డు చుక్కనూ ఆ ఒడ్డు చుక్కనూ కలుపుతూ చక్కటి తిన్నని గీత వచ్చింది. చూసిన ఇంజనీరు అది చెరువు అడుగు అనుకుని లెక్క వేశాడు. అక్కడ ఒక్క చుక్క కూడా లేదు. అప్పటినుంచి ప్రతి సెక్షన్‌లో గీతతో పాటు చుక్కలను కూడా ఇస్తున్నాను, చుక్కలు లేని చోట గీత తెంచేస్తున్నాను.

లెక్క, తనిఖీ

గీతలను డీఎక్స్ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలుగా సేవ్ చేసి క్యాడ్‌లో, అంటే ఇంజనీర్లు డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. సెక్షన్లు నిలువుగా నిలబడి ఉంటాయి కాబట్టి పైనుంచి చూస్తే పుల్లల్లా కనిపిస్తాయి, పడుకోబెట్టుకోవాలి. ఒక్కో చోట ఎంత మట్టి వేయాలో ఆ వైశాల్యం తీసి, పక్కపక్క రెండింటి సగటును దూరంతో గుణించండి. 18.4, 16.2 చదరపు మీటర్లు వస్తే సగటు 17.3, అది 20 మీటర్లకు 346 ఘనపు మీటర్లు.

ఆ కాగితం పట్టుకుని గట్టు మీదికి వెళ్లి, కనీసం మూడు చోట్ల టేపు, లెవెల్ పెట్టి చూడండి. అలా నేను కొలుస్తుంటే పొలానికి పోతున్న ఒక పెద్దాయన ఆగి, "బాబూ, ఆ తాటిచెట్టు దగ్గర చూసినారా? గేదెలు దిగి దిగి గట్టు కూర్చుండిపోయింది" అన్నాడు. నా సెక్షన్లు 140 మీటర్ల దగ్గర ఒకటి, 160 దగ్గర ఒకటి. తాటిచెట్టు 152 దగ్గర ఉంది. ఇంటికొచ్చి అక్కడ ఇంకో కోత కోశాను. గట్టు 35 సెంటీమీటర్లు కుంగి ఉంది. స్కాన్‌లో ఆ చుక్కలన్నీ మొదటినుంచీ ఉన్నాయి.