అల్యూమినియం ట్యాంకు, స్టీలు బంపరు: రెండింటికీ ఒకే మందు పనికిరాదు

లారీ డీజిల్ ట్యాంకుకి పాలిష్ పట్టే ముందు, కనబడని మూల కాస్త రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే అది పూత లేని అల్యూమినియం, ధైర్యంగా రుద్దొచ్చు. నల్లబడకపోతే పైన అనోడైజింగో (కరెంటుతో లోహం మీదే గట్టిపరిచిన పొర) క్లియర్ కోటో (రంగులేని వార్నిష్ లాంటి పూత) ఉండి ఉంటుంది. దానికి సబ్బునీళ్లే చాలు, పాలిష్ కొడితే పూత అరిగి మచ్చలు తేలతాయి.

బాగా మసకబారిన ఒట్టి అల్యూమినియానికి ఫాస్ఫారిక్ యాసిడ్ క్లీనర్ సరిపోతుంది. డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలపండి, గ్లవ్స్, కళ్లద్దాలు మానొద్దు. బండి నీడలో ఉండాలి, లోహం చల్లబడాలి. ముందు తడిపి, మందు కింది నుంచి పైకి కొట్టండి. పై నుంచి కొడితే కారిన చారలు నిలిచిపోతాయి. ఒకటి రెండు నిమిషాల్లో, ఆరకముందే ధారాళంగా కడిగేయాలి. ఆరితే పడే తెల్లమచ్చ కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్నవి చురుగ్గా పనిచేస్తాయి, నిజమే. కానీ అద్దాలను తినేస్తాయి, చర్మం మీద పడితే ఒక్కోసారి నొప్పి తెలియకుండానే లోపలికి దిగుతాయి. వాటి జోలికి పోవద్దు. కాస్టిక్ సోడా కూడా అల్యూమినియాన్ని నల్లబరిచి కొరికేస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకి మాత్రం ఇనుప పీచు తగలనివ్వకండి. దాని రేణువులు ఇరుక్కుని తుప్పుపడితే, స్టీలే నాసిరకమనుకుంటారు! బ్లీచింగ్ ద్రావణం వాడితే సన్నటి గుంటలు పడతాయి. బ్రష్ ఫినిష్, అంటే ఒకే వైపు సాగే సన్నటి గీతలు ఉంటే ఆ గీతల వెంటే రుద్దండి, అడ్డంగా కాదు. మెరుగుపెట్టే బఫింగ్ చక్రం అల్యూమినియానికి వేరు, స్టీలుకి వేరు.