ఒక పర్ఫ్యూమ్ మీ ఒంటికి నప్పుతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఒకే పర్ఫ్యూమ్ గురించి ఒకావిడ ‘పొద్దున కొట్టుకుంటే సాయంత్రం దాకా హాయిగా ఉంది’ అంటారు. ఇంకొకావిడ ‘అరగంటకే తల పట్టేసింది’ అంటారు. మూడో ఆవిడేమో ‘అసలు వాసనే తెలియలేదు, డబ్బు దండగ’ అని తేల్చేస్తారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. సీసాలో ఉన్నది ఒకటే అయినా, అది ఆవిరయ్యే చర్మం వేరు, పసిగట్టే ముక్కు వేరు, ఆ వాసనతో ముడిపడిన జ్ఞాపకాలు వేరు. స్నేహితురాలి మీద అద్భుతంగా ఉందని కొనుక్కున్న సీసా అద్దం ముందు నెలల తరబడి నిండుగానే ఉండిపోవడానికి కారణం ఇదే.

ఇతరుల అభిప్రాయాలు పనికిరావని కాదు. ఆ పర్ఫ్యూమ్ ఘాటుగా ఉంటుందా, తియ్యగా ఉంటుందా, ఏ పూల వాసన ఉంటుంది అన్నవి వాటినుంచి తెలుస్తాయి. మీ మీద ఎలా ఉంటుందన్నది మాత్రం మీరే, మీ ఒంటి మీదే, కనీసం ఒక పూర్తి రోజు చూసి తేల్చుకోవాలి. కొంచెం ఓపిక కావాలి, అంతే.

1. సీసా మీద రాసింది చదవండి

పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఓ డి కొలోన్, ఓ డి టాయిలెట్, ఓ డి పర్ఫ్యూమ్, పర్ఫ్యూమ్ అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఆల్కహాల్‌లో సుగంధ ద్రవ్యాలు ఎంత కలిపారో చెప్పే మాటలివి. స్థూలంగా కొలోన్‌లో 2 నుంచి 5 శాతం, టాయిలెట్‌లో 5 నుంచి 15, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20, పర్ఫ్యూమ్‌లో అంతకు మించి ఉంటాయి. ఇవి అందరూ కచ్చితంగా పాటించే కొలతలు కావు, తయారీదారును బట్టి అటూ ఇటూ అవుతాయి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఒకే పేరుతో వచ్చే టాయిలెట్, ఓ డి పర్ఫ్యూమ్ రెండూ ఒకే వాసన కానక్కర్లేదు. చాలాసార్లు పాళ్లే కాదు, పడే సరుకులు కూడా మారతాయి. ఎవరైనా ఫలానాది బాగుందన్నప్పుడు అందులో ఏ రకమో కూడా అడగండి.

2. మొదట కాగితం, తర్వాతే చర్మం

షాపులో ఇచ్చే కాగితపు పట్టీ మీద ఒక్క స్ప్రే కొట్టి, అర నిమిషం ఆగండి. ముందుగా పైకి లేచేది ఆల్కహాల్ ఘాటు. అది పోయాక వాసన చూడండి. పట్టీ మీద పేరు రాసుకోండి, లేకపోతే ఐదు నిమిషాల్లో ఏది ఏదో కలగాపులగం అయిపోతుంది. ఒక విడతలో మూడు నాలుగుకు మించి చూడొద్దు. ఆపైన ముక్కుకు తేడాలు తెలియవు. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేటపడుతుందని కొన్ని షాపుల్లో గిన్నెలో పెట్టి ఉంచుతారు. వాటికి ప్రత్యేకమైన శక్తేమీ లేదు. మామూలు గాలి పీల్చుకుంటూ నాలుగడుగులు నడిచి వస్తే చాలు.

కాగితం నచ్చనివాటిని పక్కన పెట్టడానికే. నచ్చినదాన్ని ఖాయం చేసుకోవడానికి అది సరిపోదు. కాగితానికి వేడి లేదు, జిడ్డు లేదు, చెమట లేదు.

3. చర్మాన్ని సిద్ధం చేసుకోండి

పరీక్షించే రోజు వాసన లేని సబ్బుతో స్నానం చేయండి. అంతకు ముందే రాసుకున్న బాడీ లోషన్, డియోడరెంట్, తలనూనె, బట్టల్లో మిగిలిన డిటర్జెంట్ వాసన, ఇవన్నీ పర్ఫ్యూమ్‌లో కలిసిపోతాయి. ‘నా మీద వాసన మారిపోతోంది’ అని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇలాంటిదే అయి ఉండొచ్చు.

చర్మం తత్వం కూడా ముఖ్యమే. పొడిబారిన చర్మం మీద పర్ఫ్యూమ్ త్వరగా ఎగిరిపోతుంది. కాస్త జిడ్డు, తేమ ఉన్న చర్మం దాన్ని పట్టి ఉంచుతుంది. మీది పొడి చర్మమైతే వాసన లేని మాయిశ్చరైజర్ పలుచగా రాసుకుని, అది ఇంకాక స్ప్రే చేసుకోండి. నిలవదనుకున్న పర్ఫ్యూమ్ నిలవడం మొదలుపెట్టవచ్చు. ఒంటి వేడి ఎక్కువైతే ఆవిరి వేగంగా లేస్తుంది, అంటే మొదట్లో గుప్పుమని త్వరగా తగ్గిపోతుంది. తేడాలన్నింటికీ చర్మపు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కారణమని చాలామంది అంటారు. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఎవరిదైనా కొద్దిపాటి ఆమ్లగుణంతోనే ఉంటుంది కాబట్టి, నేను దానికంటే జిడ్డు, తేమ, వేడి వైపే ముందు చూడమంటాను.

ఒక మణికట్టు మీద ఒకటే పర్ఫ్యూమ్, ఒక జానెడు దూరం నుంచి, ఒక్క స్ప్రే. రెండోది చూడాలనుకుంటే రెండో చేయి ఉంది. మూడోది ఇంకో రోజు. కొట్టుకున్నాక రెండు మణికట్లూ రుద్దుకోకండి. రుద్దితే ఏదో పాడైపోతుందని కాదు. ఆ రాపిడి వేడికి తొలి వాసనలు తొందరగా ఎగిరిపోతాయి, మీరు చూడాల్సిన మొదటి ఘట్టం జారిపోతుంది.

4. గడియారం చూస్తూ నోట్ చేసుకోండి

పర్ఫ్యూమ్ ఒక్క వాసన కాదు, గంటల మీద నడిచే వరస. నిమ్మ, బెర్గమాట్ వంటి పుల్లటి పండ్ల వాసనలు తేలికైనవి, మొదటి పావుగంట అరగంటలోనే వెళ్లిపోతాయి. ఆ తర్వాత గులాబీ, జాజి వంటి పూలు విచ్చుకుని కొన్ని గంటలు ఉంటాయి. చివరికి మిగిలేది చందనం, వెనిలా, ప్యాచౌలీ (ఒక మొక్క ఆకుల నుంచి తీసే నూనె), మస్క్ (కస్తూరి తరహా వాసన) వంటి బరువైనవి. ఇవి సాయంత్రం దాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి, బట్టలకైతే మర్నాటి దాకా.

షాపులో మనం ముచ్చటపడి కొనేది ఆ మొదటి పావుగంటను. రోజంతా మనతో ఉండేది మిగతా రెండూ. అందుకే కొట్టుకున్న ఐదు నిమిషాలకు, అరగంటకు, రెండు గంటలకు, ఆరు గంటలకు ఒక్కోసారి వాసన చూసి ఫోన్‌లో రెండు మాటలు రాసుకోండి. ‘బాగుంది’ అని కాదు, మీకు తట్టినదే రాయండి: పౌడర్‌లా ఉంది, సబ్బులా ఉంది, తడి మట్టిలా ఉంది, వెగటు తీపి. ఇంకో ప్రశ్నకు కూడా జవాబు రాయండి. ఆ గంటలో ఆ వాసన మీకు తోడుగా ఉందా, అడ్డుగా ఉందా? పని చేసుకుంటూ దాన్ని మరిచిపోయి, చెయ్యి మొహం దగ్గరికి వచ్చినప్పుడల్లా సంతోషం కలిగితే మంచి గుర్తు. ఎప్పుడు కడిగేసుకుందామా అనిపిస్తే ఎంత పేరున్నదైనా మీకొద్దు.

5. మీ ముక్కుతో పాటు ఇంకొకరి ముక్కు

దీన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది ఇదే.

మనిషి ముక్కులో వాసనల్ని పట్టుకునే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వీటిని తయారుచేసే జన్యువుల పెద్ద కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెలుగులోకి తెచ్చారు. ఆ పరిశోధనకే 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గ్రాహకాలు అందరిలోనూ ఒకేలా ఉండవు. బీటా అయోనోన్ అనే పదార్థాన్నే తీసుకోండి. వయొలెట్ పూల వాసన కోసం పర్ఫ్యూమ్‌లలో వాడతారు. ఓఆర్5ఏ1 అనే ఒక్క జన్యువులో తేడా వల్ల కొందరికి అది చక్కటి పూల వాసనగా తెలుస్తుంది. మిగతావాళ్లకు చాలా ఎక్కువ మోతాదులో ఉంటే తప్ప తెలియదు, తెలిసినా పుల్లగా, వెనిగర్ ఘాటులా అనిపిస్తుంది. ‘ఎంత హాయిగా ఉందో’ అన్నవారిదీ, ‘ఛీ, ఇదేం వాసన’ అన్నవారిదీ అభిరుచి తేడా మాత్రమే కాదన్నమాట. వాళ్లు నిజంగానే వేర్వేరు వాసనలు చూస్తున్నారు.

మస్క్‌ల విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఇప్పటి పర్ఫ్యూమ్‌లలో కనిపించే గెలాక్సోలైడ్ వంటి కృత్రిమ మస్క్‌లలో ఏదో ఒకటి కొందరి ముక్కుకు అస్సలు అందదు. పర్ఫ్యూమ్ అడుగు భాగమంతా ఆ మస్క్ మీదే నిలబడి ఉంటే, అలాంటివారికి రెండు గంటల్లో అంతా ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రం కమ్మగా వాసన వస్తూనే ఉంటుంది. పర్ఫ్యూమ్‌లు తయారుచేసే గేజా షోన్ 2006లో తెచ్చిన మాలిక్యూల్ 01 అనే పర్ఫ్యూమ్ ఇలాంటి అనుభవానికి మంచి ఉదాహరణ. అందులో వాసననిచ్చేది ఐసో ఈ సూపర్ అనే ఒక్క పదార్థమే, తేలికపాటి కర్ర వాసన. కొట్టుకున్నవారిలో చాలామంది ఏమీ తెలియడం లేదంటారు. కాసేపటికి ఉన్నట్టుండి ఒక తెమ్మెర తగిలి మళ్లీ మాయమవుతుంది. ఎదుటివాళ్లు ‘ఏం పూసుకున్నావు?’ అని అడుగుతారు.

దీనికి తోడు ముక్కు అలవాటు పడిపోవడం ఒకటి. ఎడతెగకుండా వచ్చే వాసనను మెదడు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకుంటే మనకు తెలియకుండానే గదిలో ఉన్నవాళ్లను ఇబ్బంది పెడతాం. రోజూ ఒకటే వాడేవాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

కాబట్టి కొట్టుకున్న రెండు గంటల తర్వాత ఒకసారి, ఆరు గంటల తర్వాత ఇంకోసారి ఇంట్లోవాళ్లనో స్నేహితురాలినో వాసన చూడమనండి. ‘బాగుందా?’ అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఏం వాసన వస్తోంది? ఎంత దూరం నుంచి తెలుస్తోంది?’ అని అడగండి. చేయి చాచినంత దూరంలో తెలిస్తే చాలామందికి సరిపోతుంది. మీరు వెళ్లిపోయాక కూడా గదిలో నిలిచే రకమైతే, ఆఫీసుకూ ఆసుపత్రికీ అది తగదు.

6. ఏం గుర్తొస్తోందో గమనించండి

వాసన కబురు మెదడులో భావాలు, జ్ఞాపకాలు నడిచే భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే నచ్చడం, నచ్చకపోవడం ఆలోచనకంటే ముందే జరిగిపోతుంది. ఎర్నెస్ట్ బో 1921లో తయారుచేసిన షనెల్ నంబర్ 5లో పూలతో పాటు ఆల్డిహైడ్లు అనే సుగంధ రసాయనాలు ధారాళంగా ఉన్నాయి. ఆ తరహా వాసనలు తర్వాత సబ్బుల్లోకీ వచ్చాయి. దాంతో ఇప్పుడు కొందరికి అది హుందాగా, శుభ్రంగా తోస్తే, కొందరికి ‘సబ్బు వాసన’ అనే మాటే ముందు వస్తుంది. ఒలివియే క్రెస్ప్ రూపొందించగా 1992లో వచ్చిన ఏంజెల్ అనే పర్ఫ్యూమ్‌లో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం పీచుమిఠాయి తీపిని ఇస్తుంది, దాని కింద మట్టి వాసన ఉన్న ప్యాచౌలీ ఉంటుంది. ఆ కలయికకు ప్రాణమిచ్చేవారూ ఉన్నారు, ఆమడ దూరం పారిపోయేవారూ ఉన్నారు. మీరు ఏ పక్షమైనా సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఆడవాళ్లది, మగవాళ్లది అన్న ముద్రను కూడా ఇక్కడ పక్కన పెట్టండి. అది అమ్మకం కోసం వేసిన ముద్ర. కర్ర వాసనో తోలు వాసనో మీ ఒంటి మీద మీకు బాగుంటే అది మీదే.

7. ఒంటికి పడుతుందా?

మోచేతి మడతలో కొద్దిగా కొట్టుకుని ఒక రోజు చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా, దద్దురు వచ్చినా వదిలేయండి. పెట్టె మీద లిమోనీన్, లినలూల్, జెరానియోల్ వంటి పేర్లు కనిపిస్తాయి. అవి కొందరికి అలర్జీ తెచ్చే సుగంధ పదార్థాలు. ఇదివరకు ఏదైనా పడకపోతే ఆ పేర్లు రాసిపెట్టుకుని పోల్చి చూసుకోండి. బెర్గమాట్ నూనెలో సహజంగా ఉండే కొన్ని పదార్థాల మీద ఎండ పడితే చర్మం మాడి మచ్చలు పడే ప్రమాదం ఉంది. వాటిని తీసేసిన నూనె వాడకం పెరిగినా, ఎండలోకి వెళ్లేటప్పుడు మెడ మీద కాకుండా బట్టల లోపల కొట్టుకోవడమే మంచిది. ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఉన్నవారికి సమస్య చర్మంతో కాదు, గాలితో. వాళ్లు కాగితం పట్టీని గదిలో ఉంచుకుని ఒక గంట గడిపి చూస్తే తొలి సూచన అందుతుంది.

8. ఇంకో రోజు మళ్లీ

జలుబు ఉన్న రోజు చూసిన పర్ఫ్యూమ్ మీద తీర్పు చెప్పకండి. గర్భంతో ఉన్నప్పుడు ఇష్టమైన వాసనలే వికారం పుట్టించవచ్చు, ఆ నెలల్లో కొత్తది ఎంచుకోకపోవడం మేలు. కోవిడ్ తర్వాత కొందరికి వాసనలు వికృతంగా తెలిసిన మాట వాస్తవం. పాత పర్ఫ్యూమ్ ఉన్నట్టుండి కుళ్లు కంపులా అనిపిస్తే సీసాను అనుమానించే ముందు ఇంకొకరికి చూపించండి, మీకొక్కరికే అలా ఉంటే డాక్టరును కలవండి. వాతావరణం సంగతీ అంతే. వేడిగా, ఉక్కగా ఉన్న రోజు తియ్యటి, బరువైన వాసనలు ఊపిరాడనివ్వవు, చలిలో అవే వెచ్చగా ఉంటాయి. ఒక వేడి రోజు, ఒక చల్లటి రోజు చూడగలిగితే మరీ మంచిది.

ఇవన్నీ అయ్యాక కూడా చెయ్యి దానివైపే పోతుంటే చిన్న సీసా కొనండి. రెండు మూడు మిల్లీలీటర్ల శాంపిల్ దొరికితే ముందు అదే తీసుకోండి, చాలా రోజులు వస్తుంది. పెద్ద సీసా చవకగా లెక్క తేలినా, వాడకుండా మిగిలితే నష్టమే. వెలుతురు, వేడి, ఆవిరి పర్ఫ్యూమ్‌ను పాడుచేస్తాయి కాబట్టి బాత్రూమ్‌లోనూ కిటికీ దగ్గరా పెట్టకుండా, దాని పెట్టెలోనే అల్మారాలో ఉంచండి. తెల్లటి పట్టుబట్టల మీద నేరుగా కొట్టకండి. వెనిలా వాసననిచ్చే పదార్థం కాలంతో గోధుమ రంగుకు తిరిగి మరకలు చేస్తుంది.